ముందు గొర్రు, తర్వాత ట్రాక్టర్: కొనుగోలు లెక్కలోని చిక్కుముళ్లు

2025 సెప్టెంబరు 22, నవరాత్రుల తొలి రోజు. ఆ రోజు నుంచి వ్యవసాయ ట్రాక్టర్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. కత్తులు తిప్పుతూ మట్టిని పొడి చేసే రోటవేటర్, దుక్కి దున్నే గొర్రు వంటి పరికరాలకూ అదే తగ్గింపు. ట్రాక్టర్ టైర్లు, విడిభాగాల మీద అయితే 18 నుంచి నేరుగా 5కు వచ్చింది. పన్ను కలపకముందు 6,70,000 రూపాయలుండే బండి పాత లెక్కలో 7,50,400 పడేది, కొత్త లెక్కలో 7,03,500 పడుతుంది. తేడా 46,900. ఒక మామూలు గొర్రు ఖరీదు మిగిలిందన్నమాట.

దీంతో ఊళ్లలో పాత ప్రశ్న మళ్లీ లేచింది. ఇప్పుడైనా సొంత ట్రాక్టర్ కొనవచ్చా? కొంటే ఏది? షోరూములో ఈ మాట ఎత్తగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న, "ఎన్ని హెచ్‌పీ కావాలండీ?" అక్కడ ముందు బండి ఖాయమవుతుంది, తర్వాత దానికి తగిలించే సామాను, చిట్టచివరికి పొలం. ఈ వరుస తలకిందులుగా ఉంది. నేల ఏ పరికరాన్ని అడుగుతోంది, ఆ పరికరం ఎంత బలం అడుగుతోంది, ఏడాదికి ఎన్ని గంటల పని ఉంది అన్నవి తేలితే గానీ ట్రాక్టర్ గురించి మాట్లాడటానికి ఏమీ ఉండదు.

హెచ్‌పీ అంటే దేని బలం?

మన వైపు ధాన్యం బస్తా 75 కిలోలు. ఆ బస్తాను ఒక్క సెకనులో ఒక మీటరు ఎత్తుకు లేపగలిగితే అది ఒక హెచ్‌పీ. ఇంజనీరింగ్ పుస్తకాల్లోని మెట్రిక్ హెచ్‌పీకి అర్థం కూడా ఇదే. కాబట్టి 45 హెచ్‌పీ అంటే సెకనుకు 45 బస్తాలను నిలువుగా మీటరు లేపే బలం. వినడానికి గొప్పగానే ఉంది. అయితే బానెట్ మీద రాసిన ఆ అంకె ఇంజన్‌ది. పొలానికి చేరేసరికి అది రెండు చోట్ల కరిగిపోతుంది.

మొదటి చోటు పీటీఓ. ట్రాక్టర్ వెనక తిరిగే పళ్ల ఇరుసు అది. రోటవేటర్, నూర్పిడి యంత్రం, మందు కొట్టే యంత్రం అన్నీ దాని నుంచే శక్తి తీసుకుంటాయి. గేర్లు, బేరింగులు దాటి వచ్చేసరికి ఇంజన్ బలంలో సుమారు 85 శాతమే అక్కడికి చేరుతుంది. అంటే 45 కాస్తా 38 అయింది. రెండో చోటు చక్రం నేలను పట్టే దగ్గర. లాగే పనిలో కొంత బలం టైరు జారడానికి, మరికొంత మెత్తటి నేలలో దిగబడకుండా దొర్లడానికి ఖర్చవుతుంది. దుక్కిలో గొర్రును నిజంగా లాగేది 25 హెచ్‌పీకి అటూ ఇటూగా ఉంటుంది. బురదలో ఇంకా తక్కువ.

అందుకే రెండు కంపెనీల 45 హెచ్‌పీ బండ్లు ఒకే పొలంలో వేర్వేరుగా నడుస్తాయి. ఒకదాని పీటీఓ దగ్గర 40 దొరకవచ్చు, మరోదాని దగ్గర 37. "పేరుకు నలభై అయిదే గానీ లాగదు" అని రైతులు చెప్పుకునే మాట వెనక చాలాసార్లు ఈ తేడాయే ఉంటుంది.

50 హెచ్‌పీ గీత గురించి ఒక పక్క మాట. 2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీ పైబడిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 అనే కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. వాటిని అందుకోవడానికి ఆ తరగతి బండ్లలో ఎలక్ట్రానిక్ పద్ధతిలో డీజిల్ చిమ్మే ఏర్పాట్లు వచ్చాయి, ధరలూ పెరిగాయి. 50కి కాస్త ఇవతలే ఆగిపోయే మోడళ్లు ఇన్ని కనిపించడానికి ఇదొక కారణం. ఊళ్లో మెకానిక్ విప్పి బాగుచేయగల పాతకాలపు పంపు కావాలా, పొగ తక్కువగా, డీజిల్ పొదుపుగా నడిచే కొత్తది కావాలా అన్నది ఇక్కడి పేచీ. పట్టణం దగ్గరున్న రైతు ఒకలా, సర్వీసు సెంటరుకు అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న రైతు మరొకలా జవాబు చెబుతారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

గొర్రుతో లెక్క వేస్తే

కల్టివేటర్ అని కంపెనీలు పిలిచే తొమ్మిది కర్రుల గొర్రును నల్లరేగడిలో దించామనుకుందాం. ఒక్కో కర్రును లాగడానికి 80 కిలోల బలం పట్టిందనుకుంటే మొత్తం 720 కిలోలు. గంటకు 5 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 1.39 మీటర్లు. ఈ రెండింటినీ గుణించి 75తో భాగిస్తే 13 హెచ్‌పీ పైచిలుకు వస్తుంది. ఇందాకటి 25తో పోల్చితే ఇది సగమే. మరి 35 హెచ్‌పీ బండి ఇదే నేలలో ఎందుకు ఆయాసపడుతుంది?

ఆయాసం ఇంజన్‌ది కాదు, చక్రాలది. దుక్కి పొలంలో టైరుకు దొరికే పట్టు దాని మీద పడే బరువులో ఇంచుమించు సగం. వెనక ఇరుసు మీద 1,200 కిలోలు పడుతుంటే 600 కిలోల లాగుడు వరకు వస్తుంది. గొర్రు లాగుతున్నప్పుడు ముందు బరువు కొంత వెనక్కి మళ్లుతుంది గనుక ఇంకాస్త కలిసి వస్తుంది. అది కూడా 720 కిలోలకు చాలకపోతే చక్రం గిర్రున తిరుగుతుంది, బండి కదలదు. ఇంజన్‌లో ఇంకా ఎంత బలం మిగిలి ఉన్నా అక్కరకు రాదు. వెనక చక్రాలకు ఇనుప దిమ్మలు బిగించడం, టైర్లలో నీళ్లు నింపడం వంటి పాత ఉపాయాల పరమార్థం ఇదే. లాగే పనికి బరువు, టైరు వెడల్పు హెచ్‌పీతో సమానంగా లెక్కకు వస్తాయి. కరపత్రంలో ఇంజన్ గురించి ఒక పేజీ, బరువు గురించి అడుగున చిన్న అక్షరాల్లో ఒక వరుస ఉండటం చూస్తే నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఎర్ర చల్కా నేలలో కర్రుకు 40 కిలోలే పడితే మొత్తం 360 కిలోలు. అక్కడ తేలికైన 35 హెచ్‌పీ బండి హాయిగా నడుస్తుంది. ఒకే మండలంలో చెరువు కింద నల్లనేల, గట్టు మీద చల్కా ఉన్న ఊళ్లు తెలంగాణలో చాలా ఉన్నాయి. పక్క రైతు కొన్న బండే కొంటే పనికొస్తుందన్న నమ్మకం అక్కడ తప్పిపోతుంది.

లాగే పరికరాలు, తిప్పే పరికరాలు

ట్రాక్టర్‌కు తగిలించేవన్నీ ఒక తీరువి కావు. గొర్రు, రెక్క నాగలి, డిస్క్ నాగలి, నేల లోపలి గట్టి పొరను చీల్చే సబ్‌సాయిలర్ లాగుడు మీద నడుస్తాయి. వాటికి చక్రం పట్టు కావాలి. రోటవేటర్, గడ్డిని మోపులు కట్టే బేలర్, నూర్పిడి యంత్రం పీటీఓ తిప్పుడు మీద నడుస్తాయి. వాటికి ఇంజన్ బలం కావాలి. రోటవేటర్ కత్తులు తిరిగే దిశ వల్ల బండిని వెనక నుంచి ముందుకు నెడుతుంది కూడా. అందుకే దానికి చక్రం పట్టు సమస్య కాదు, పీటీఓ హెచ్‌పీయే సమస్య.

అయిదడుగుల రోటవేటర్‌కు 36 కత్తులు, ఆరడుగులదానికి 42, ఏడడుగులదానికి 48 ఉండటం మామూలు. అయిదడుగులది 35 నుంచి 40 హెచ్‌పీ తరగతి బండితో నడుస్తుంది. ఆరడుగులకు 45 నుంచి 50 కావాలి. ఏడడుగులకు 55 పైమాటే. వెడల్పు పెద్దదైతే ఎకరం త్వరగా అవుతుందన్న ఆశతో 40 హెచ్‌పీ బండికి ఆరడుగులది తగిలిస్తే చిన్న గేరులో నత్తనడక నడవాలి, లేదా లోతు తగ్గించాలి. రెండింట్లోనూ ఆశించిన లాభం పోతుంది. ఇంకో సంగతి, రోటవేటర్ వెడల్పు వెనక టైర్ల బయటి అంచుల మధ్య దూరం కన్నా తక్కువైతే దున్నిన నేలనే టైరు తొక్కుకుంటూ పోతుంది.

అసలు రోటవేటర్ మంచిదేనా అన్న వాదన కూడా ఉంది. ఒక్క చాలులోనే మట్టి పొడిపొడిగా అవుతుంది. మొక్కజొన్న, పత్తి మోళ్లు ముక్కలై కలిసిపోతాయి. కూలి ఖర్చు, సమయం రెండూ మిగులుతాయి. రైతులు దాన్ని ఊరికే నెత్తిన పెట్టుకోలేదు. మరోవైపు అది నాలుగైదు అంగుళాల లోతులోనే పనిచేస్తుంది. ఏటా అదే లోతులో తిప్పుతూ పోతే కింద ఒక గట్టి పొర ఏర్పడుతుందనీ, వేర్లు, వాననీరు దాన్ని దాటి దిగలేవనీ వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. అందుకే రెండు మూడేళ్లకు ఒకసారి వేసవిలో లోతు దుక్కి గానీ, సబ్‌సాయిలర్ గానీ వేయించాలని వారి మాట. వరి పొలంలో మాత్రం ఆ గట్టి పొర నీరు ఇంకకుండా ఆపుతుంది గనుక కొంతవరకు మేలే చేస్తుంది. కంది, పత్తి వంటి లోతు వేళ్ల పంటలకే అది శత్రువు. సబ్‌సాయిలర్ మూడేళ్లకు ఒకసారి వాడేది. దాన్ని కొనిపెట్టుకుని పాకలో తుప్పు పట్టించడం కన్నా అద్దెకు తెచ్చుకోవడమే లెక్కకు నిలుస్తుంది.

క్లచ్, లిఫ్ట్, గేర్లు: కరపత్రంలో తేలిగ్గా దాటిపోయే మూడు మాటలు

సింగిల్ క్లచ్ బండిలో క్లచ్ తొక్కితే చక్రాలతో పాటు పీటీఓ కూడా ఆగుతుంది. రోటవేటర్ తిరుగుతుండగా గేరు మార్చాలన్నా, గట్టు దగ్గర ఒక క్షణం ఆగాలన్నా కత్తులు ఆగి మళ్లీ మొదలవ్వాలి. డ్యూయల్ క్లచ్‌లో సగం తొక్కితే బండి మాత్రం ఆగుతుంది, పూర్తిగా తొక్కితే పీటీఓ కూడా ఆగుతుంది. పీటీఓకు విడిగా మీట ఉండే బండ్లు మరో మెట్టు పైన ఉంటాయి. గొర్రు, ట్రాలీ తప్ప మరేమీ తగిలించని రైతుకు ఈ తేడాతో పని లేదు. ఏడాదిలో మూడొందల గంటలు రోటవేటర్ తిప్పేవారికి మాత్రం రోజూ తెలిసే తేడా ఇది.

వెనక తగిలించిన పరికరాన్ని పైకెత్తే లిఫ్ట్ సామర్థ్యం 1,500 కిలోలు అని రాస్తారు. ఎక్కడ కొలిచారన్నది అసలు కిటుకు. పరికరాన్ని పట్టుకునే వెనక చేతుల్లాంటి కింది లింకుల చివర కొలిస్తే అంకె పెద్దది వస్తుంది. పరీక్షా కేంద్రాల్లో లింకుల చివరి నుంచి 610 మిల్లీమీటర్లు వెనక్కి బరువు పెట్టి కూడా కొలుస్తారు. అక్కడ వచ్చే అంకె చిన్నది. తగిలించిన రోటవేటర్ బరువు లింకు చివర కాకుండా దానికి వెనకే ఉంటుంది గనుక రెండో అంకే నిజానికి దగ్గర. బావి బకెట్‌ను దగ్గరగా పట్టుకోవడానికీ, చేయి చాచి పట్టుకోవడానికీ ఉన్న తేడాయే ఇది.

ఇక గేర్లు. ఎనిమిది ముందుకు, రెండు వెనక్కి ఉన్న బండి కన్నా పన్నెండు ముందుకు ఉన్నది గొప్పదని అనిపిస్తుంది. పొలం పని దాదాపు అంతా గంటకు 2 నుంచి 7 కిలోమీటర్ల మధ్యే నడుస్తుంది. ఆ మధ్యలో ఎన్ని గేర్లు పడుతున్నాయన్నదే లెక్క. మిగతావి రోడ్డు మీద ట్రాలీకి.

నాలుగు చక్రాలూ లాగాలా?

ఫోర్ వీల్ డ్రైవ్ బండి మీద మోజు డెల్టాలో వేగంగా పెరిగింది. కారణం దమ్ము, అంటే నీళ్లు పెట్టిన వరి పొలాన్ని బురదగా దున్నడం. బురదలో వెనక చక్రాలు దిగబడుతుంటే ముందు చక్రాలు కూడా లాగితే బండి తేలిగ్గా బయటపడుతుంది. ఇనుప చక్రాలు బిగించే పని కొన్ని పొలాల్లో తప్పుతుంది. ఈ కేజ్ వీల్స్‌తో తారు రోడ్డు ఎక్కితే రోడ్డు చెడుతుందని అధికారులు జరిమానాలు వేస్తుంటారు. గుర్తున్నవారికి ఇది చిన్న లాభం కాదు. దీనికి తోడు ముందు ఇరుసు బరువు కూడా లాగుడుకు పనికొస్తుంది. ఇందాకటి లెక్కలో 600 దగ్గర ఆగిన లాగుడు దీనివల్ల చెప్పుకోదగినంత పెరుగుతుంది.

ఎదుటి పక్షం మాట కూడా వినదగ్గదే. అదే హెచ్‌పీలో ఫోర్ వీల్ బండి గణనీయంగా ఎక్కువ ఖరీదు. ముందు ఇరుసులో గేర్లు, సీళ్లు ఉంటాయి. బురద నీరు సీలు దాటి లోపలికి వెళ్తే మరమ్మతు పెద్దది. గట్టి రోడ్డు మీద ముందు డ్రైవు తీసేయకుండా నడిపితే ముందు టైర్లు త్వరగా అరుగుతాయి. మెట్ట పొలంలో గొర్రు, ట్రాలీ పనికే వాడేవారికి ఆ అదనపు డబ్బు తిరిగి రావడం కష్టం. బురదలో ఎన్ని రోజులు అన్న ఒక్క ప్రశ్నతో ఈ వాదన చాలావరకు తేలిపోతుంది. దమ్ము పని ఎక్కువైతే బ్రేకులు నూనెలో మునిగి ఉండే రకమా, పొడి రకమా అన్నది కూడా పట్టింపుకు వస్తుంది. నూనె రకం బురదకు బాగా ఓర్చుకుంటుంది.

పరీక్షా నివేదిక చెప్పే కబురు

కంపెనీ మాట, డీలరు మాట, పక్కింటి రైతు మాట కాక నాలుగో సాక్ష్యం ఒకటుంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు వెలువరిస్తుంది. అదే వరుసలోని దక్షిణ ప్రాంత సంస్థ మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. మన గడ్డ మీద ఇలాంటి సంస్థ ఉందన్న సంగతి మన రైతుల్లోనే ఎందరికి తెలుసో!

నివేదికలో పీటీఓ దగ్గర దొరికిన అత్యధిక బలం, లిఫ్ట్, బ్రేకులు, కంపనం, పరీక్షలో వచ్చిన లోపాలు అన్నీ ఉంటాయి. వీటిలో జేబుకు నేరుగా తగిలేది ఒక కిలోవాట్ (దాదాపు 1.36 హెచ్‌పీ) బలాన్ని ఒక గంట ఇవ్వడానికి ఎన్ని గ్రాముల డీజిల్ తాగిందన్న అంకె. ఒక బండి 250 గ్రాములు, మరొకటి 280 గ్రాములు తాగుతాయనుకుందాం. సగటున 18 కిలోవాట్ల పని మీద తేడా గంటకు 540 గ్రాములు, అంటే 0.65 లీటరు. ఏడాదికి 500 గంటలు తిరిగితే 325 లీటర్లు. లీటరు 97 రూపాయలనుకుంటే 31,500 దాటుతుంది. డీలరు బతిమాలించుకుని ఇచ్చే పదివేల తగ్గింపు దీని ముందు ఎంత? 80 గంటలే తిరిగితే మాత్రం తేడా అయిదు వేలే. అప్పుడు డీజిల్ పొదుపు కన్నా సర్వీసు దగ్గరగా ఉండటం ముఖ్యం అనుకోవడంలో తప్పు లేదు.

సొంతమా, అద్దెనా: గంటల లెక్క

ఈ లెక్కలోని ధరలు లెక్క కోసం అనుకున్నవే. ఎవరి ఊరి ధర వారు వేసుకుంటే జవాబు మారుతుంది, పద్ధతి మారదు.

ట్రాక్టర్ 7,50,000, రోటవేటర్ 1,20,000, గొర్రు, ఇనుప చక్రాలు, ఇతర సామాను కలిపి 80,000. మొత్తం 9,50,000. పదేళ్ల తర్వాత అన్నీ కలిపి 3,00,000కు అమ్ముడవుతాయనుకుంటే తరుగుదల ఏడాదికి 65,000. పెట్టుబడిలో ఇరుక్కున్న సొమ్ము సగటున 6,25,000. దానిపై 10 శాతం చొప్పున వడ్డీ 62,500. సొంత డబ్బుతో కొన్నా ఈ వడ్డీ లెక్కించాల్సిందే, ఎందుకంటే ఆ డబ్బు మరోచోట ఉంటే సంపాదించేది. బీమా, పాక వంటివి 15,000. ఇవన్నీ కలిపితే ఏడాదికి 1,42,500. బండి కదిలినా, పాకలో నిద్రపోయినా ఈ ఖర్చు తప్పదు.

కదిలితే గంటకు డీజిల్ 480, డ్రైవరు 100, నూనె, టైర్లు, మరమ్మతులకు 120. మొత్తం 700. ఊళ్లో అద్దె గంటకు 1,300 అనుకుందాం. సొంత బండి వల్ల గంటకు మిగిలేది 600. 1,42,500ను 600తో భాగిస్తే 237.5 వస్తుంది. అంటే ఏడాదికి సుమారు 240 గంటలు తిరిగితే సొంతం, అద్దె సరిసమానం. ఆ పైన ప్రతి గంటా లాభం, అంతకు తగ్గిన ప్రతి గంటా నష్టం.

పదెకరాల వరి రైతుకు రెండు పంటలకు ఎకరానికి నాలుగేసి గంటల పని ఉందనుకుంటే మొత్తం 80 గంటలు. ఆ 80 గంటల మీదే స్థిర ఖర్చంతా పడితే సొంత బండి గంట ఖరీదు దాదాపు 2,480 అవుతుంది. అద్దెకు దాదాపు రెట్టింపు. 500 గంటలు తిప్పగలిగితే అదే బండి గంటకు 985కు దిగుతుంది. పదెకరాల రైతు మిగతా 160 గంటలు ఇతరుల పొలాల్లో తిప్పగలడా అన్నదే అసలు ప్రశ్న.

కాగితం మీద ఇది ఇంత శుభ్రంగా ఉన్నా, పొలంలో దీనికి రెండు వైపులా మినహాయింపులున్నాయి. అద్దె మంచిదనేవారు చెప్పేది: కిరాయికి తిప్పితే డబ్బు చేతికి రావడానికి పంట అమ్మేదాకా ఆగాలి, కొన్ని బాకీలు అసలే రావు, డ్రైవరు రాని రోజు బండి కదలదు. కాబట్టి 160 గంటల కిరాయి అంటే 160 గంటల డబ్బు కాదు. సొంతం కావాలనేవారు చెప్పేది మరొకటి. వాన పడ్డాక నేలలో పదును మూడు నాలుగు రోజులే ఉంటుంది. కాలువకు నీళ్లు వదిలిన వారంలో ఊరంతటికీ ట్రాక్టర్ ఒకేసారి కావాలి. అద్దె బండి వంతు వచ్చేసరికి పదును ఆరిపోతే విత్తనం ఆలస్యమైనందుకు పోయే దిగుబడి ఏ గంట లెక్కలోనూ కనిపించదు. మెట్ట సాగులో ఈ వాదనకు బరువెక్కువ. బోరు కింద, తన ఇష్టం వచ్చినప్పుడు దుక్కి చేసుకోగలిగినవారికి తక్కువ.

పత్తి, మిరప సాలు మధ్య కలుపు పోయేలా దున్నే అంతర కృషి చేసేవారికి మధ్యే మార్గం ఒకటి దొరికింది. 20 నుంచి 28 హెచ్‌పీ మధ్యనుండే చిన్న ట్రాక్టర్ సొంతంగా పెట్టుకుని, బరువైన దుక్కికి పెద్ద బండిని అద్దెకు తెచ్చుకోవడం. చిన్నదాని స్థిర ఖర్చు తక్కువ, సాలు మధ్య దాని పని గంటలు ఎక్కువ.

తొమ్మిది శాతం వడ్డీ ఎప్పుడు పదిహేను అవుతుంది?

ఆరు లక్షల అప్పు, అయిదేళ్లు, ఆరు నెలలకొక వాయిదా, వడ్డీ 9 శాతం. ఈ ఒక్క వాక్యానికి రెండు అర్థాలున్నాయి. ఫ్లాట్ వడ్డీ అయితే మొదటి రోజున్న ఆరు లక్షల మీదే అయిదేళ్లూ వడ్డీ వేస్తారు. అది 2,70,000. వాయిదా 87,000 చొప్పున పది. సగం అప్పు తీరిపోయాక కూడా మొత్తం మీద వడ్డీ కడుతూనే ఉంటారన్నమాట. తగ్గుతున్న బాకీ మీద వడ్డీ అయితే అదే 9 శాతానికి వాయిదా సుమారు 75,830. మొత్తం వడ్డీ 1,58,000 చిల్లర. తేడా లక్షా పదకొండు వేలు. ఫ్లాట్ 9 శాతాన్ని తగ్గుతున్న బాకీ భాషలోకి మారిస్తే అది దాదాపు 14.8 శాతం.

జీఎస్టీ తగ్గి మిగిలిన 46,900 ఇక్కడ ఒక్క మాట తేడాతో రెండింతలకు పైగా పోతోంది. అయినా ప్రైవేటు ఫైనాన్స్ దగ్గరికి వెళ్లేవారంతా తెలియక వెళ్తున్నారనుకోవడం పొరపాటు. బ్యాంకు భూమి తనఖా, కాగితాలు అడుగుతుంది, వారాలు పడుతుంది. ఫైనాన్స్ సంస్థ మనిషి షోరూములోనే కూర్చుని ఉంటాడు. కౌలు రైతుకు భూమి కాగితమే ఉండదు. వాళ్లు కడుతున్న ఆ లక్ష రూపాయల్లో కొంత, బ్యాంకు గడప దాటలేకపోయినందుకు కట్టే రుసుము.

రాయితీ విషయం కొంచెం చెప్పుకుంటే చాలు. కేంద్రం 2014-15లో మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం కింద పరికరాలకు రకాన్ని, రైతు వర్గాన్ని బట్టి 40 నుంచి 50 శాతం వరకు సాయం ఉంది, ఒక గరిష్ఠ పరిమితికి లోబడి. రాయితీ లేకపోతే చిన్న రైతుకు రోటవేటర్ అందేదే కాదని ఒక వాదన. రాయితీ జాబితాలో చేరిన పరికరం ధర బయట మార్కెట్ కన్నా ఎక్కువగా ఉంటుందనీ, నచ్చిన మోడల్ దొరకదనీ మరో వాదన. రెండూ నిజమయ్యే సందర్భాలున్నాయి. రాయితీ పోగా చేతి నుంచి పడేదెంత, అదే నాణ్యతది బయట కొంటే ఎంత అని పక్కపక్కన రాసి చూస్తే గానీ ఏ సందర్భమో తేలదు.

పాత బండి, దాని కాగితాలు

సెకండ్‌హ్యాండ్ ట్రాక్టర్ పైన చెప్పిన స్థిర ఖర్చును సగానికి తగ్గించగలదు. నాలుగు లక్షల పెట్టుబడి మీద తరుగుదల, వడ్డీ రెండూ చిన్నవే గనుక 100, 120 గంటల పనితోనే లెక్క సరిపోవచ్చు. ఏడాదికి 80 గంటల పనున్న పదెకరాల రైతుకు ఇది దగ్గరగా వచ్చే దారి. మరమ్మతు ఖర్చు మాత్రం గంటకు 120 దగ్గర ఆగదు. ఎంతన్నది ఇంజన్ లోపలి అరుగుదల మీద ఉంటుంది. గంటల మీటరు దాన్ని దాచగలదు గానీ, చల్లగా ఉన్న ఇంజన్ ఎన్ని తిప్పుళ్లకు అందుకుంది, నడుస్తుండగా నూనె పోసే మూత తీస్తే లోపలి నుంచి పొగ ఎంత తన్నుకొస్తోంది అన్నవి దాచలేవు. వెనక టైర్ల జత ఒక్కటే మార్చాల్సి వస్తే బేరంలో తగ్గించిన సొమ్ము అక్కడే పోతుంది.

కాగితాల చిక్కు అమ్మేవారికీ ఉంది. మోటారు వాహనాల నిబంధనల్లో వ్యవసాయ ట్రాక్టర్ రవాణా వాహనం కాదు. పొలం పనికి తిప్పినంతకాలం ఆ వెసులుబాటు చెల్లుతుంది. ఇటుక, ఇసుక కిరాయికి తోలితే అది వాణిజ్యం. ట్రాలీలో కూలీలను ఎక్కించుకుని వెళ్తూ ప్రమాదం జరిగితే బీమా సంస్థ పరిహారానికి అడ్డం తిరిగిన కేసులు కోర్టుల్లో కొల్లలు. ఇలాంటి ప్రమాదం అమ్మేసిన బండితో జరిగితే? ఊళ్లలో ట్రాక్టర్ చేతులు మారినప్పుడు తెల్లకాగితం మీద సంతకం, సగం డబ్బు, "ఆర్‌సీ తర్వాత మార్చుకుందాం" అన్న మాటతో వ్యవహారం ముగుస్తుంది. బదిలీకి ఫారం 29, 30 ఆర్టీఓ కార్యాలయానికి చేరాలి. అప్పు తీరిన బండి అయితే ఫారం 35తో ఫైనాన్స్ పేరు కొట్టేయించాలి. అవి చేరనంతవరకు కాగితం మీద యజమాని పాత రైతే. 2018లో సుప్రీంకోర్టు ఇలాంటి వ్యవహారంలోనే, వాహనం ఎన్ని చేతులు మారినా రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని చెప్పింది. మూడేళ్ల కిందట అమ్మేసి మరిచిపోయిన బండి పేరున నోటీసు ఇంటికి వచ్చినప్పుడే చాలామందికి ఆ రెండు ఫారాల నంబర్లు తెలుస్తాయి.